చంద్రుని నవ్వు – శ్రీనాథుని నవ్వు

శ్రీ మహాగణాధిపతయే నమః

భాద్రపద శుద్ధ చవితినాడు ప్రతి తెలుగింట చదువుకొనే వ్రతకథ, తరచి చూస్తే, ఒక నవ్వును గురించిన కథ. కుడుములు, ఉండ్రాళ్ళు కడుపార ఆరగించి కైలాసం చేరిన విఘ్నేశ్వరుడు తల్లిదండ్రులకు నమస్కరించబోయి, ఉదరభారం చేత వంగలేక అవస్థపడుతుండగా, శివుని శిరస్సుపైనున్న చంద్రుడు పకపక నవ్వాడు. ఆ నవ్వుకు స్వామి ఉదరం పగిలింది. పార్వతీదేవి శపించింది. ఆ శాపం లోకానికి నీలాపనిందలుగా పరిణమించింది. పాలలో చంద్రబింబాన్ని చూచినందుకు సాక్షాత్తు శ్రీకృష్ణ పరమాత్మకే శమంతకమణి నింద తప్పలేదు. ఈ కథ విని అక్షతలు శిరస్సున ధరించనిదే ఆనాటి వ్రతం పూర్తి కాదు.

ఆ కథను ఈనాడు ఏ మూర్తి ఎదుట చదువుతున్నారన్నది విచారించవలసిన విషయం. 2015లో 'బాహుబలి' చిత్రం విడుదలైన రెండు నెలలకే, ఆ చిత్ర కథానాయకుని వలె శివలింగాన్ని భుజాన మోస్తున్న గణపతులు మండపాలలో వెలిశారు. 2022లో 'పుష్ప' చిత్ర నాయకుని వేషంలో, తెల్లని దుస్తులు ధరించి, గడ్డం కింద చేయి పెట్టి కూర్చున్న గణపతులు వచ్చారు. అదే ఏడు 'ఆర్ఆర్ఆర్' చిత్రంలోని విల్లంబుల వేషం కూడా స్వామికి తొడిగారు. క్రికెట్ బ్యాటు పట్టిన గణపతి, మోటారు సైకిలు నడిపే గణపతి పాతబడిపోయారు. 'ఎంత కొత్తదనం, ఎంత చమత్కారం' అని చరవాణులలో ఆ చిత్రాలను పంచుకొని మురిసిపోయినవారిలో అధికసంఖ్యాకులు భక్తులే.

పరిచితమైన వస్తువును తీసుకొని అనూహ్యమైన మలుపు త్రిప్పటం నేటి కళాకారుల అభిమాన మార్గం. దీనిపై లోకం రెండుగా చీలింది. దేవునితో ఏ పరిహాసమైనా అపచారమే, నిషేధించవలసిందే అనేది ఒక పక్షం. కళకు హద్దులు లేవు, దేవుడికి లేని కోపం మీకెందుకు అనేది రెండవ పక్షం. ఈ రెండు పక్షాలకూ సంప్రదాయం తెలియదు. పరిహాసం చేయదగినదా కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఆ నవ్వు భక్తుణ్ణి దేవుని దగ్గరకు తీసుకొని పోతున్నదా, లేక దేవుణ్ణి మరొకరి దగ్గరకు ఈడ్చుకొని పోతున్నదా? ఈ ఒక్క పరీక్షకు నిలిచే చమత్కారం ఎంత సాహసమైనదైనా పూజార్హం. నిలువని చమత్కారం ఎంత ముచ్చటగా ఉన్నా త్యాజ్యం.

పలనాటి దాహం

ఈ పరీక్షకు ప్రథమోదాహరణం వెదకటానికి పలనాడు దాటి పోనక్కరలేదు. కవిసార్వభౌముడు శ్రీనాథుడు ఈ సీమలో సంచరిస్తూ దప్పికతో అలమటించి, పరమశివుణ్ణి ఉద్దేశించి చెప్పినట్లు ప్రసిద్ధమైన చాటువు ఒకటి ఉన్నది. అందులో ఆయన శివుని సంసారాన్నే పరిహసించాడు. సంపన్నుడైన కృష్ణునికి వేలమంది భార్యలుండటం చెల్లుతుంది గాని, భిక్షమెత్తి బ్రతికే నీకు ఇద్దరెందుకు, పార్వతిని ఉంచుకొని గంగను వదిలిపెట్టు అని దాని తాత్పర్యం. త్రిపురాంతకుణ్ణి తిరిపెగాడన్నాడు, జగన్మాతాపితరుల దాంపత్యంలో వేలు పెట్టాడు. పైపైన చూస్తే ఇంతకు మించిన అపచారం లేదు.

అయినా పల్నాటి శివభక్తుడెవ్వడూ ఈ పద్యానికి ఆగ్రహించలేదు. తాతలు మనుమలకు నేర్పుతూనే వచ్చారు. కారణం ఆ పద్యం లోపల ఉన్నది. 'గంగను విడువు' అన్న పరిహాసం, గంగను ఈ ఎండిన నేలపైకి విడువుమన్న ప్రార్థన. భగీరథుడు తపస్సుతో అడిగినదానినే శ్రీనాథుడు చమత్కారంతో అడిగాడు. శివుడు భిక్షుకుడన్నది, గంగాధరుడన్నది, ఉమాసహాయుడన్నది శాస్త్రోక్తమైన విషయాలే. కవి ఒక్క అబద్ధమైనా కల్పించలేదు, ఉన్న రూపాన్నే కొత్త కోణంలో నిలిపాడు. ఆ పద్యం విన్నవాని మనస్సులో చివరకు మిగిలేది జటాజూటం, అందులో గంగ, ప్రక్కన పార్వతి. అంటే సంపూర్ణమైన శివధ్యానం. నవ్వించి ధ్యానంలో కూర్చోబెట్టిన పద్యమది. అయిదు శతాబ్దాల అనంతరం, 1967లో, నాగార్జునసాగర జలాలు కుడికాలువలో పారినప్పుడు ఈ సీమలో ఆ పద్యాన్ని తలచుకొననివారు అరుదు.

ఆలంకారికులు దీనిని వ్యాజస్తుతి అన్నారు, నింద అనే మిషతో స్తుతి. తెలుగులో దీనికి పెద్ద వంశమే ఉన్నది. కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకం పొడవునా దెప్పిపొడిచాడు. గోల్కొండ చెరసాలలో భక్త రామదాసు, తాను చేయించిన నగల జాబితా చదివి రాముణ్ణే నిలదీశాడు. తిరుమలలో వైకుంఠ ఏకాదశి అనంతరం జరిగే ప్రణయకలహ మహోత్సవంలో అమ్మవార్లు అలిగి, స్వామిపై పూలచెండ్లు విసురుతారు, నిందాస్తుతిగా పాశురాలు వినిపిస్తారు. ఆగమోక్తంగా జరిగే ఉత్సవంలోనే దేవదేవుడు పూలదెబ్బలు తింటున్నాడు. పరిహాసాన్ని ధర్మం వెలివేసిందనేవారు ఈ ఉత్సవాన్ని ఏ కోవలో చేరుస్తారు?

హాస్యానికి అధిదేవత

భరతముని నాట్యశాస్త్రంలో ప్రతి రసానికీ ఒక అధిదేవతను చెప్పాడు. హాస్యరసానికి అధిదేవతలు ప్రమథులు, శివగణాలు. ఆ గణాలకు అధిపతి ఎవరు? గణపతియే. అనగా హాస్యం స్వామికి పరాయిది కాదు, ఆయన పరివారంలోనిదే. స్వామి షోడశనామాలు చూడండి. లంబోదరుడు, వికటుడు, వక్రతుండుడు, శూర్పకర్ణుడు. పెద్ద బొజ్జ, వింత ఆకారం, వంకర తొండం, చేటల వంటి చెవులు. చంద్రుడు దేనిని చూచి నవ్వాడో దానినే మనం మంత్రంగా జపిస్తున్నాం. అయితే ఆ నామావళి ఆరంభమయ్యేది 'సుముఖ' శబ్దంతో. ముందు సుందరవదనుడని గుర్తించి, ఆ తరువాతనే బొజ్జను గురించి మాట్లాడాలి. ఈ క్రమంలోనే పరిహాస ధర్మమంతా ఇమిడి ఉన్నది.

చంద్రుడు చేసిన తప్పు నవ్వటం కాదు, ఈ క్రమాన్ని మరచిపోవటం. తాను సుందరుణ్ణనే గర్వంతో, ఎత్తైన స్థానంలో కూర్చుని, తల్లిదండ్రులకు మ్రొక్కాలన్న ఆ బాలుని తపనను చూడక, బొజ్జను మాత్రమే చూచాడు. శ్రీనాథుడు దాహంతో నేలమీద నిలిచి పైకి చూచి నవ్వాడు. చంద్రుడు పైన కూర్చుని క్రిందకు చూచి నవ్వాడు. భరతముని హాస్యాన్ని స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు విధాలుగా విభజించి, మొదటి రెండూ ఉత్తములకు, చివరి రెండూ అధములకు చెందినవని నిర్ణయించాడు. నవ్వులన్నీ ఒక్కటే అనేవారు ఈ విభాగాన్ని గమనించవలసి ఉన్నది.

శిల్పులకు కూడా ఈ వివేకం ఉండేది. పన్నెండవ శతాబ్దంలో రెండవ రాజరాజ చోళుడు నిర్మించిన దారాసురం ఐరావతేశ్వరాలయంలో వృషభకుంజరమనే శిల్పం ఉన్నది. ఒకే శిరస్సు, ఒక ప్రక్క మూస్తే ఏనుగు, మరొక ప్రక్క మూస్తే ఎద్దు. చూచిన ప్రతివాడూ చిన్నపిల్లవాని వలె ఆనందిస్తాడు. కాని ఆ చమత్కారాన్ని శిల్పి చెక్కినది ఆలయపు గోడ రాతిమీద. గర్భాలయంలోని లింగం జోలికి అతడు పోలేదు. స్తంభం, ప్రాకారం, గోపురం శిల్పి క్రీడకు స్థానాలు. మూలమూర్తి ధ్యానానికి స్థానం. ఈ స్థానవివేకం పోయిన చోట కళ ఎంత గొప్పదైనా అనర్థహేతువే.

యముడు పోగొట్టుకొన్న గౌరవం

ఈ విషయంలో చలనచిత్రాలు చేసిన మేలూ ఉన్నది, కీడూ ఉన్నది. 1957లో వచ్చిన 'మాయాబజార్' కథ వ్యాసభారతంలో లేదు. అభిమన్యునికి ఉత్తరతో వివాహమే గాని శశిరేఖతో వివాహం వ్యాసుడు చెప్పలేదు. ఘటోత్కచుడు కన్యరూపం ధరించి పెండ్లికొడుకును ముప్పుతిప్పలు పెట్టటం జానపదుల ఊహ, నాటకకర్తల పెంపకం. అంతటి స్వేచ్ఛ తీసుకొన్నా అది అపచారమని తెలుగువాడు అనుకోలేదు. ఎందుకంటే అందులో ఏ పాత్రా తన స్వభావాన్ని కోల్పోలేదు. కృష్ణుడు లీలామానుషుడుగానే ఉన్నాడు. ఘటోత్కచుడు పాండవుల పట్ల వినయవిధేయుడుగానే ఉన్నాడు. కథ మారింది, తత్త్వం మారలేదు. మలుపు త్రిప్పటమంటే అది.

ఇక యమధర్మరాజు సంగతి చూడండి. 1977లో 'యమగోల', 1994లో 'యమలీల', 2007లో 'యమదొంగ' — ముప్పై ఏళ్ళపాటు యముడు తెరపై నవ్వులపాలవుతూనే వచ్చాడు. ఆయా నటుల ప్రతిభతో ఇక్కడ నిమిత్తం లేదు. నవ్వించటంలో వారు సిద్ధహస్తులు. నష్టం ఎక్కడ జరిగిందో చూడాలి. నాట్యశాస్త్రం ప్రకారం కరుణరసానికి అధిదేవత యముడు. కఠోపనిషత్తులో నచికేతునికి బ్రహ్మవిద్యను ఉపదేశించిన ఆచార్యుడు యముడు. ఇంటికి వచ్చిన బ్రాహ్మణ బాలుడు మూడు రాత్రులు ఉపవాసమున్నాడని నొచ్చుకొని, మూడు వరాలిచ్చి, సకలభోగాలూ చూపి అతని వైరాగ్యాన్ని పరీక్షించి, చివరకు మృత్యురహస్యాన్ని విప్పి చెప్పిన గురువు. నేటి తెలుగు బాలునికి యముడంటే గద పట్టుకొని తడబడే విదూషకుడు. వాడు ఏ ఇరవై ఏళ్ళకో కఠోపనిషత్తు తెరిస్తే, మొదటి అధ్యాయంలోనే వానికి నవ్వు వస్తుంది. వినవలసిన వాక్యం వినబడదు. ఆ బాలుడు పోగొట్టుకొన్నది ఒక దేవుని బొమ్మను కాదు, మృత్యువును గురించి ప్రశ్నించటానికి ఉన్న ఏకైక గురువును.

వినాయక ప్రతిమల విషయంలో భయపడవలసినది కూడా ఇదే. దేవునికి అవమానం జరుగుతుందని కాదు. స్వామికి మానావమానాలు లేవు. మన పిల్లల మనస్సులలో నిలువవలసిన ధ్యానం చెరిగిపోతున్నదని.

ధ్యానం ఒకటి, ప్రతిమ మరొకటి

పూజ ఆరంభంలో ధ్యానం ఉంటుంది, ఆ తరువాతనే ఆవాహనం. సిద్ధివినాయక వ్రతకల్పంలో ధ్యానం స్వామిని ఏకదంతునిగా, శూర్పకర్ణునిగా, గజముఖునిగా, చతుర్భుజునిగా, పాశాంకుశధారిగా భావించమంటుంది. కన్నులు మూసి మనస్సులో నిలుపుకొన్న రూపం, కన్నులు తెరిస్తే ఎదుట కనిపించే రూపం ఒకటి కావాలి. అప్పుడే 'ఇక్కడకు రావయ్యా, ఇక్కడ కూర్చోవయ్యా' అని పిలిచే ఆవాహనకు అర్థం. దేవుడు ప్రతిమలో సాన్నిధ్యం వహించటానికి ఆగమవేత్తలు మూడు హేతువులు చెబుతారు: అర్చకుని తపస్సు, అర్చన యొక్క విశేషం, బింబం యొక్క ఆభిరూప్యం. ఆభిరూప్యమంటే బింబం అందంగా ఉండటం మాత్రమే కాదు, ధ్యానశ్లోకానికి అనురూపంగా ఉండటం.

పాశాంకుశాలు లేవు. నాలుగు చేతులు లేవు. గడ్డం నిమురుకొనే భంగిమ ఉన్నది. అర్చకుడు పాశాంకుశధారిని ధ్యానిస్తున్నాడు, ఎదుట కూర్చున్న యువకులు వెండితెర నాయకుణ్ణి చూస్తున్నారు. మంత్రం ఒక త్రోవ, చూపు మరొక త్రోవ. పైగా ఆ చిత్రంలో నాయకుడు ఎర్రచందనపు దొంగరవాణాదారు, ఆ కథ నడిచేది శేషాచలం అడవులలో. ఏడుకొండలవాని అడవిని కొల్లగొట్టే పాత్ర వేషాన్ని విఘ్నేశ్వరునికి తొడిగి, అదే పీటమీద నుండి గోవింద నామస్మరణ చేయిస్తున్నాం. ఇందులో హాస్యమైనా లేదు. శ్రీనాథుని పరిహాసం వ్యాజస్తుతి అయితే, ఇది ముఖస్తుతి. ఆ స్తుతి దేవునిది కాదు, నాయకునిది. దేవుడు ఇక్కడ ప్రకటన ఫలకం.

కళాకారుని అజ్ఞానం ఎంత నష్టం చేస్తున్నదో బాహుబలి గణపతి చెబుతాడు. గణపతి చేతిలో శివలింగం ఉండటం అపూర్వం కాదు. రావణుడు కైలాసం నుండి తెస్తున్న ఆత్మలింగాన్ని, బాలుని వేషంలో వచ్చిన గణపతి చేతిలోకి తీసుకొని, మూడుసార్లు పిలిచి, గోకర్ణంలో నేలమీద దించిన గాథ ప్రసిద్ధం. ఎంతటి చమత్కారమైన గాథ అది! పదితలల మహావీరుణ్ణి ఒక చిన్నపిల్లవాడు బోల్తా కొట్టించటం కంటే గొప్ప మలుపు ఏ చిత్రంలో ఉన్నది? ఆ బాలగణపతిని, ప్రక్కన కంగారుపడుతున్న రావణుణ్ణి మలచి ఉంటే, అదే లింగం, అదే కొత్తదనం, అదే జనాకర్షణ. దానితోపాటు పురాణం కూడా దక్కేది. వెండితెరను చూచిన కన్ను పురాణాన్ని చూడకపోవటం చేత బంగారం వంటి అవకాశం జారిపోయింది.

పూర్వపక్షాలు – సమాధానాలు

'భగవంతుడు సర్వరూపుడు కదా, ఏ రూపమైతేనేం?' అనేది మొదటి ఆక్షేపణ. సర్వరూపత్వం భగవంతుని మహిమ, నియతరూపం ఉపాసకుని అవసరం. చంచలమైన మనస్సును ఒకచోట కట్టివేయటానికే ధ్యానశ్లోకం పుట్టింది. అన్ని రూపాలూ ఆయనవే అని నిజంగా నమ్మినవాడు ఎదుట ఏ రూపమున్నా నమస్కరిస్తాడు. ఆ సంవత్సరం విజయవంతమైన చిత్రాన్ని వెదకి ఎంచుకోడు. అనంతరూపాలలో సరిగ్గా గోడపత్రికలోని రూపమే దొరికిందంటే, ఆ ఎంపిక వేదాంతం చేసినది కాదు.

'గణపతికి ముప్పైరెండు రూపాలు చెప్పారు కదా, ముప్పైమూడవది మేము చేస్తే తప్పా?' అనేది రెండవది. మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడయరు కాలంలో, పందొమ్మిదవ శతాబ్దంలో సంకలితమైన శ్రీతత్త్వనిధిలో ముప్పైరెండు గణపతులకు ధ్యానశ్లోకాలున్నాయి. హేరంబ గణపతి అయిదు ముఖాలతో సింహంపై ఉంటాడు. నృత్త గణపతి నాట్యమాడుతాడు. బాల గణపతి చేతులలో ఫలాలుంటాయి. వైవిధ్యానికి కొరత లేదు, కాని ప్రతి రూపమూ ఒక ధ్యానం నుండి పుట్టింది, ప్రతి ఆయుధానికీ ఒక అర్థమున్నది. ముప్పైమూడవ రూపం తెచ్చేవారు దాని ధ్యానమేదో, అది సాధకునికి బోధించేదేదో చెప్పగలగాలి. చెప్పలేకపోతే అది రూపం కాదు, వేషం.

'ఈ ఆకర్షణ లేకపోతే యువకులు మండపానికే రారు' అనేది మూడవది, అన్నింటికంటే తరచుగా వినిపించేది. యువకులు రావాలి, నిస్సందేహంగా. 1893లో బాలగంగాధర తిలక్ పూణెలో సార్వజనిక ఉత్సవానికి ఊపిరి పోసినది జనులను ఒకచోట చేర్చటానికే. 1954లో ఖైరతాబాదులో సింగరి శంకరయ్య ఒక్క అడుగు విగ్రహంతో ఆరంభించిన ఉత్సవం నేడు లక్షలాది జనులను రప్పిస్తున్నది. ఆ బ్రహ్మాండమైన మూర్తి ఏటా ఒక కొత్త రూపం ధరిస్తుంది. 2022లో యాభై అడుగుల మట్టిమూర్తిగా నిలిచినప్పుడు పంచముఖ లక్ష్మీగణపతియై కొలువుదీరింది. ఆకర్షణకు దేవతారూపాలు చాలవనే వాదం అక్కడే వీగిపోతున్నది. చిత్రనాయకుని వేషం చూడటానికి వచ్చినవాడు చరవాణిలో ఛాయాచిత్రం తీసుకొని వెళ్ళిపోతాడు. వ్రతకథ ముగిసేవరకు ఎందరు కూర్చున్నారో లెక్కించుకొంటే ఆ ఆకర్షణ ఫలమేమిటో ఏ సంఘానికి ఆ సంఘమే తెలుసుకోగలదు.

'ఇవి పేద కళాకారుల జీవనోపాధి' అనేది నాలుగవది. ఇందులో సత్యమున్నది, కనుకనే నింద వారిపై మోపరాదు. విగ్రహం చేసేవాడు అడిగినదే చేస్తాడు. అడిగేది ఉత్సవ సంఘం, చందా ఇచ్చేది భక్తుడు, ప్రతిమను చూచి కూడా దక్షిణ తగ్గుతుందేమోనని మౌనం వహించేది పురోహితుడు. సంకల్పానికి ముందు ఒక్క మాట చెప్పగలిగిన స్థానంలో ఉండి చెప్పనివాడు, ఆ తరువాత లోకం చెడిపోయిందని వాపోవటానికి అర్హుడు కాడు.

కోటయ్య ప్రభ చెప్పే పాఠం

కొత్తదనాన్ని పలనాడు ఎన్నడూ కాదనలేదు. మహాశివరాత్రికి నరసరావుపేట సమీపాన కోటప్పకొండ తిరునాళ్ళకు గ్రామగ్రామం నుండి తరలివచ్చే ప్రభలే ఇందుకు సాక్ష్యం. ఆకాశాన్ని తాకే ప్రభకు వేలకొలది విద్యుద్దీపాలు అమర్చి, రంగురంగుల కాంతులను పరుగులెత్తించటం ఏ ఆగమంలోనూ లేదు. అది ఈ నేల కళాకారుల స్వతంత్రమైన క్రీడ. దూరాన పొలాల మధ్య నుండి వెలుగుతూ కదలివచ్చే ప్రభను చూచినవాడు 'చేదుకో కోటయ్యా' అని అప్రయత్నంగా చేతులు జోడిస్తాడు. ఆ వెలుగు చూపును త్రికూటేశ్వరుని వైపు నడిపిస్తున్నది. పరీక్షకు నిలిచిన కొత్తదనం అది.

అదే ప్రభమీద స్వామి చిత్రం కంటే రాజకీయ నాయకుని చిత్రం పెద్దదైనప్పుడు, శివనామం మ్రోగవలసిన చోట చిత్రగీతాలకు నృత్యాలు జరిగినప్పుడు, వెదురు అదే, దీపాలు అవే, గమ్యం మారిపోయింది. కొండకు పోవలసిన ప్రభ, మనుష్యుని ఊరేగింపు అయింది. గణపతికి వేషం వేసినవారూ, ప్రభకు నాయకుల ముఖాలు కట్టినవారూ చేసిన పని ఒక్కటే.

నిషేధవాదులకు ఒక మాట

ఇంతవరకు చదివి, 'అయితే ఆ విగ్రహాలను పగులగొట్టవలసిందే' అని ఉద్రేకపడేవారు కొందరుంటారు. వారి మార్గం కూడా శాస్త్రసమ్మతం కాదు. తెలిసో తెలియకో ఒక్కసారి ఆవాహన చేసి పుష్పాక్షతలు సమర్పించిన ప్రతిమ, దాని రూపమెట్టిదైనా, సగౌరవంగా నిమజ్జనం కావలసినదే. దానిపై చేయి చేసుకోవటం వేషం వేయటం కంటే పెద్ద అపచారం. పైగా, ఎక్కడో ఒక చిత్రకారుడు దేవతను వింతగా చిత్రించాడని వీధికెక్కేవారు, తమ వీధి మండపంలో తమ అభిమాన నాయకుని వేషంలో ఉన్న గణపతికి తామే కొబ్బరికాయ కొడతారు. పరుల పరిహాసం అపచారం, తమ అభిమానం భక్తి! ఈ ద్వంద్వవైఖరి ఉన్నంతకాలం ఆ ఆగ్రహానికి ధర్మమనే పేరు చెల్లదు.

పరిహాసాన్ని సమూలంగా నిర్మూలించబూనితే మొట్టమొదట తొలగించవలసినది శ్రీనాథుని పద్యాన్ని. ఆ పైన కాసుల పురుషోత్తముని శతకాన్ని, రామదాసు కీర్తనను, తోలుబొమ్మలాటలో రామాయణం నడుమ వచ్చి నవ్వించే కేతిగాణ్ణి, బంగారక్కను. అవన్నీ పోయిన తరువాత మిగిలే భక్తి, భయం మాత్రమే అవుతుంది. తండ్రితో నవ్వుతూ మాట్లాడలేని బిడ్డకు తండ్రి ఉండీ లేనట్టే.

కర్తవ్యం

చేయవలసినది కష్టమైనది కాదు. విగ్రహానికి బయానా ఇచ్చే ముందు ఉత్సవ సంఘంవారు ఊరి అర్చకుణ్ణో, పౌరాణికుణ్ణో ఒక్కసారి సంప్రదించాలి. ఈ రూపానికి ధ్యానమేది, ఈ మలుపు ఏ పురాణగాథను స్ఫురింపజేస్తుంది, దీనిని చూచిన పిల్లవాడు ఇంటికి వెళ్ళి ఎవరి పేరు చెబుతాడు అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మూడవ ప్రశ్నకు 'గణపతి పేరు' అనే సమాధానం వచ్చిన ఏ కొత్తదనానికైనా స్వాగతం పలకవచ్చు.

కళాకారులకు ఇవ్వవలసిన వస్తువు పురాణాలలో రాశిపోసి ఉన్నది. నా కలం ఆగకుండా చెప్పాలని షరతు పెట్టి, వ్యాసుణ్ణే ఆలోచనలో పడవేసిన లేఖక గణపతి ఉన్నాడు. కుమారస్వామి నెమలిపై లోకమంతా తిరిగి వస్తుంటే, తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణం చేసి గణాధిపత్యం గెలిచిన గణపతి ఉన్నాడు. గోకర్ణంలో రావణుణ్ణి ఏమార్చిన గణపతి ఉన్నాడు. వీటిలో ప్రతిదీ ఊహించని మలుపే, ప్రతిదీ చిరునవ్వు పుట్టించేదే. వీటిని మలచటానికి ఎంత క్రీడాత్మకత చూపినా అది స్వామికి అలంకారమే అవుతుంది.

ఒకవేళ అలంకార విగ్రహం ఇప్పటికే వేరు రూపంలో వచ్చి ఉంటే, దాని పాదాల చెంత చేరెడు మట్టితో చేసిన చిన్న గణపతిని, పాశాంకుశాలతో, చతుర్భుజాలతో నిలిపి, ప్రాణప్రతిష్ఠ ఆ మూర్తికే జరిపించాలి. ఇరవైయొక్క పత్రులూ ఆ మట్టిమూర్తికే సమర్పించాలి. పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని, ఇది పాశం, ఇది అంకుశం, ఇది విరిగిన దంతం అని చూపి, ఎందుకు విరిగిందో చెప్పాలి. ఒక్క సంవత్సరం ఈ పని చేస్తే, మరుసటి సంవత్సరం విగ్రహం ఎట్లుండాలో ఆ పిల్లలే సంఘానికి చెబుతారు.

స్వామి షోడశనామాలలో ఫాలచంద్రుడన్నది కూడా ఒకటి. తనను చూచి నవ్విన చంద్రుణ్ణి, గర్వం తొలగిన తరువాత, స్వామి తన నుదుటనే ధరించాడని పెద్దలు చెబుతారు. నవ్వును ఆయన శిక్షించి విడిచిపెట్టలేదు. సంస్కరించి శిరోధార్యం చేసుకొన్నాడు. నేటి కళాకారుల నవ్వు కూడా గర్వాన్ని, నాయకారాధనను వదిలి ఆ నుదుటి మీదకు చేరుగాక.

శుభం భూయాత్.